తివాచీ ఇంట్లో బాతుపిల్లలు

మొదటి గుడ్డు పెట్టిన రోజున మగ్గం దిగిపోతానని అబ్బా మాటిచ్చాడు. గుడ్డు పెట్టాల్సింది బాతులు, దిగాల్సింది ఆయన. ఆ మాట తీసుకున్నది మా అమ్మీ, పక్కన కూచుని విన్నది నేను. రెండువేల మూడు నవంబరులో, రంజాన్ పండగ వెళ్ళిన మూడో రోజున, ఏలూరు తంగెళ్ళమూడిలో మా రెండు గదుల ఇంట్లో ఆ ఒప్పందం జరిగింది. నాకప్పుడు పదిహేనేళ్ళు, పదో తరగతి చదువుతున్నాను.

మా అబ్బా రహమాన్ తివాచీలు నేసేవాడు. ముందుగదిలో నిలువు మగ్గం, దాని ముందు పలక, పలక మీద ఆయన. ఒక్కొక్క ముడీ వేసి, కత్తితో తెంపి, ఇనప దువ్వెనతో దిగగొట్టి, ఆ తర్వాత కత్తెరతో పైపైన సమం చెయ్యాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను ఆయన వీపు చూసినంత ముఖం చూడలేదు. కత్తెర ఆడినప్పుడల్లా ఉన్ని నూగు లేచేది. కిటికీలోంచి ఎండ పడితే గది నిండా అదే కనిపించేది. అది మా అన్నంలో ఉండేది, నా జడలో ఉండేది. అబ్బా ఊపిరితిత్తుల్లో కూడా ఉందని ఆ ఏడాదే తెలిసింది మాకు.

వానాకాలంలో మొదలైన దగ్గు ముదిరి, వీధి చివరిదాకా నడిస్తే గోడ పట్టుకుని నిలబడేదాకా వచ్చింది. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు.

"రహమాన్ గారూ, నేను రాసే మందులన్నీ పైపైవేనండి. అసలు మందు ఆ ఉన్ని దగ్గర్నుంచి లేచిపోవడం. ఇలాగే ఉంటే రెండేళ్ళు కూడా కష్టం."

"లేచి ఎక్కడికెళ్ళమంటారండీ?" అని అడిగాడు అబ్బా. వెటకారం కాదు. దారి తెలియని మనిషి దారి అడిగినట్టే అడిగాడు. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

దారి నేను వెతుకుతాను అనుకుంది అమ్మీ. పేరు కమరున్నీసా, పుట్టిల్లు భీమడోలు. ఉర్దూ సగమే వచ్చు, అందుకని మా ఇంట్లో తెలుగే. పంతం మాత్రం పూర్తిగా వచ్చు. మార్కెట్లో బాతుగుడ్లు అమ్మే సూరమ్మతో నాలుగు రోజులు మంతనాలాడి, ఐదో రోజు సాయంత్రం అబ్బా ముందు బయటపెట్టింది.

"బాతులా? మనమా?" అన్నాడు అబ్బా.

"ఏం, బాతులు మనల్ని సర్టిఫికెట్ అడుగుతాయా?"

"నా జన్మలో బాతుని బజార్లో చూడ్డమే గానీ ఇంట్లో చూసింది లేదు."

"భీమడోల్లో మా పక్కింట్లో ఉండేవి. రోజూ చూసేదాన్ని."

"చూడ్డం వేరు, పెంచడం వేరే కమరూ. నేనూ రైలుని రోజూ చూస్తాను."

"మీరు రైలు నడపక్కర్లేదు. ముప్పై పిల్లల్ని సూరమ్మక్క పాలుకిస్తానంది. పెరిగాక చెరి సగం. అయిదు నెలలకి గుడ్డు పెడతాయట. ఆ గుడ్లు వీధిలో అమ్ముకున్నా బియ్యమూ కూరానారా వెళ్ళిపోతాయి. మొదటి గుడ్డు పెట్టిన రోజున మీరు మగ్గం దిగాలి. మళ్ళీ ఎక్కకూడదు. మాటివ్వండి."

"గుడ్డు కనబడనీ, చూద్దాం."

"కనబడ్డాక కాదండీ, ఇప్పుడే."

అబ్బాకి దగ్గొచ్చింది. అది అంత తొందరగా తగ్గే దగ్గు కాదు. తగ్గేదాకా అమ్మీ చెయ్యి చాపుకునే కూచుంది. చివరికి ఆయన ఆ చేతిలో చెయ్యి వేశాడు.

"అల్లా మీద ఒట్టు అనండి."

"బాతుగుడ్డు కోసం అల్లానెందుకే లాగుతావు? సరే అన్నానుగా."

సూరమ్మ డిసెంబరు మొదటి బుధవారం వచ్చింది. పెదపాడు అవతల కొల్లేటి ఒడ్డున ఏదో లంక వాళ్ళది. నడివయసు మనిషి, మెడలో నల్లపూసలకి బదులు చిన్న సిలువ. తలమీది తట్ట దింపి పైనున్న గుడ్డ తీసింది. లోపల ముప్పై పసుపుపచ్చ ముద్దలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒక్కసారిగా మా ఇంటిమీద ఫిర్యాదు మొదలుపెట్టాయి. అబ్బా పలక మీద నుంచి తల తిప్పి చూసి, మళ్ళీ తిప్పేసుకున్నాడు.

"ఇవి కోడి పొదిగిన పిల్లలండి బూబమ్మగారూ," అంది సూరమ్మ. "బాతు తల్లి కాదు కదండీ, ఈకలకి నూనుండదు. పట్నంలో వాళ్ళు బాతన్నాక నీళ్ళేగా అని తెచ్చిన రోజే తొట్లో వేసేస్తారు. తడిసి కొయ్యబారిపోతాయి. మూడు వారాలు నీళ్ళు తాగడానికే గానీ ఈదడానికి కాదండి. నానబెట్టిన నూకలు, తౌడు, నత్త దొరికితే చితక్కొట్టి సన్నగా తరిగి పెట్టండి. ఊక పరవకండి, తినేస్తాయి. గోనె పరవండి. పైన బల్బు వేలాడగట్టండి. పిల్లికి అందనివ్వకండి."

అమ్మీ ప్రతి మాటకీ తలూపుతూ, నన్ను కూడా ఊపమన్నట్టు చూసింది.

"ఇంకొక్కటండి. మీరు తప్పుగా అనుకోకూడదు. పాలుకిచ్చిన జీవం చచ్చిపోతే అడగం. ప్రాణమన్నాక పోతుంది. కాకపోతే చచ్చినదాన్ని చూపించాలండి. నేను వెంటనే రాలేకపోతే కాళ్ళు కోసి ఉప్పులో పెట్టండి. మా అత్తలనాటి నుంచీ అంతే. అమ్ముకుని చచ్చిందన్నారన్న మాట మనిద్దరి మధ్యా రాకూడదు కదండీ."

"చావవు లెండి అక్కా," అంది అమ్మీ. అంత ధీమాగా ఎందుకు అందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె పెంచింది నన్నొక్కదాన్నే, నేను చావలేదు గనక కాబోలు.

మొదటి పది రోజులూ అబ్బా వాటి జోలికి రాలేదు. ముందుగది మూల గంప బోర్లించి, గోనె పరిచి, బల్బు కట్టాం. నేను బడి నుంచి వస్తూ తమ్మిలేటి గట్టున నత్తలు ఏరుకొచ్చేదాన్ని. పదో తరగతి పిల్ల సంచిలో నత్తలేమిటని తోటిపిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను సిగ్గుపడేదాన్ని కాదు. ఒక్కొక్క నత్తా అబ్బాని పలక మీద నుంచి ఒక అంగుళం కిందికి లాగుతుందని నా లెక్క.

డిసెంబరు మధ్యలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు విడవకుండా వాన, ఈదురుగాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది, బల్బు ఆరిపోయింది. జల్లు కొట్టి గోనె తడిసింది. ముప్పై పిల్లలూ ఒక ముద్దగా దగ్గరికి చేరి అరవడం మొదలుపెట్టాయి. అమ్మీ కుంపటి రాజేసి పక్కన పెట్టింది. పొగ లేచింది. పిల్లల సంగతేమో గానీ అబ్బా దగ్గి దగ్గి కళ్ళు తేలేశాడు. అమ్మీ కుంపటి ఎత్తుకుని వానలోకి పరిగెత్తింది. వచ్చి గంప దగ్గర కూలబడి, ఇటు గంపకేసీ అటు అబ్బాకేసీ చూసి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

అప్పుడు అబ్బా మగ్గం దిగాడు.

అన్నానికో నమాజుకో తప్ప పట్టపగలు ఆయన దిగడం ఉండదు. మగ్గం కింద చేరిన ఉన్ని తుక్కు ఎప్పటికప్పుడు ఊడ్చి ఒక సంచిలో వేసేవాళ్ళం. కత్తెర నుంచి రాలిన పీచు, ముడి దగ్గర తెంపిన కొసలు. మా నేతగాళ్ళ ఇళ్ళల్లో దాన్ని పారెయ్యరు. దానితో చిన్న బొంత కుడతారు. పుట్టిన బిడ్డని తల్లి పక్కలోంచి తీసి మొట్టమొదట పడుకోబెట్టేది దానిమీదే. నన్నూ అలాగే పడుకోబెట్టారట. నలభై రోజులు ఆ వెచ్చదనం తగిలితే బిడ్డకి జలుబు చెయ్యదని మావాళ్ళ నమ్మకం.

అబ్బా ఆ సంచి ఈడ్చుకొచ్చాడు. తడి గోనె తీసి అవతల పారేశాడు. గరుకు పీచు పక్కకి తీసేసి మెత్తటిది మాత్రం దోసిళ్ళతో ఎత్తి గంప కింద పరిచాడు. ఎరుపు, నీలం, పాలమీగడ రంగు. ఒక్కొక్క పిల్లనీ లుంగీ చెంగుతో తుడిచి అందులో కూచోబెట్టాడు.

"మన పసిబిడ్డలకి పనికొచ్చింది వీటికి పనికిరాదా?" అన్నాడు.

కాసేపటికి అరుపులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అబ్బా అక్కడే గోడకి ఆనుకుని, వాటికేసి చూస్తూ చాలాసేపు కూచున్నాడు. అమ్మీ నా చెవి దగ్గరికి వంగి, "దిగారు చూశావా," అంది. ఆమె కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

ఆ తర్వాతి వారం మా ఇంట్లో పండగే. ఇప్పుడు తలుచుకుంటే ఆ వారం మీదే నాకు ఎక్కువ కోపం. రాకుండా ఉన్నా బాగుండేది. అబ్బా రోజుకి నాలుగైదుసార్లు మగ్గం దిగేవాడు. పిల్లల్ని పెరట్లోకి తోలుకెళ్ళి ఎండలో తిప్పేవాడు. అందరికంటే ముందు నడిచేదానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. పక్కలో ఉన్ని మాసిపోతే సాయంత్రానికి తీసేసి కొత్తది పరిచేవాడు. అప్పుడు మగ్గం మీదున్నది ఎర్ర నేలమీద పువ్వుల తివాచీ. అందులో మెత్తటి ఎరుపు రాలితే ఊడవనిచ్చేవాడు కాదు. "పిల్లలకి ఉంచు," అనేవాడు. దగ్గు తగ్గిందని అమ్మీ పక్కింటివాళ్ళకి చెప్పుకుంది. నిజంగానే తగ్గింది.

ఉన్ని ఇచ్చి నేయించుకునే షావుకారు దగ్గర గుమాస్తా తాతారావుగారు తివాచీ ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి ఆ వారమే వచ్చారు. గుమ్మంలో కాలు పెట్టగానే మేస్త్రి ఆయన చెప్పు పొడిచింది.

"ఏం సాయిబుగారూ, తివాచీ నేస్తున్నారా, బాతుల్ని నేస్తున్నారా?"

"రెండూనండి. కాకపోతే తివాచీ ఇదే ఆఖరుది," అన్నాడు అబ్బా. "ఎండాకాలం పనికి వేరే మనిషిని చూసుకోండి తాతారావుగారూ. నేను దిగిపోతున్నాను."

తాతారావుగారు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, అమ్మీ వైపు చూశారు. అమ్మీ కొంగు తలమీదికి లాక్కుని గర్వంగా నిలబడింది.

ఆ సాయంత్రమే, నేను మేత పెడుతుంటే, ఒక పిల్ల ముక్కుకి ఎర్ర దారం వేలాడుతూ కనిపించింది. పట్టుకుని లాగాను. వస్తూనే ఉంది. జానెడు పొడుగు వచ్చింది. ఆ పిల్ల నోరు తెరిచి నావైపు చూసింది.

"చూడండి అబ్బా, పాన్ నమిలినట్టుంది," అన్నాను.

అబ్బా చూసి నవ్వాడు. పెద్దగా, పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వినా దగ్గు రాలేదు. వంటింట్లోంచి అమ్మీ ఆ వింత చూడ్డానికి గరిటె పట్టుకునే వచ్చింది. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. నేను ఆ దారం పారేసి చేతులు కడుక్కున్నాను.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మొదటి పిల్ల చచ్చిపోయింది. రెండు రోజులుగా అది మేత ముట్టలేదు. ఒక మూల కూచుని కళ్ళు మూసుకునేది. చచ్చాక పట్టుకుంటే పొట్ట గట్టిగా ఉంది, ఒళ్ళు మాత్రం తేలిపోతోంది. మర్నాడు మూడు. ఆ మర్నాడు ఐదు.

అమ్మీ చెయ్యని వైద్యం లేదు. వెల్లుల్లి రసం పట్టింది, పసుపు నీళ్ళు పట్టింది, తౌడులో ఆముదం కలిపింది. నేనూ తనూ పశువుల ఆసుపత్రికి ఒకదాన్ని బుట్టలో తీసుకెళ్ళాం. అక్కడాయన ఓపిగ్గానే అడిగాడు. ఏం మేపుతున్నారు, ఏం నీళ్ళు తాగిస్తున్నారు, పక్కన కోళ్ళున్నాయా. అన్నిటికీ చెప్పాం. వాటి పక్క గురించి ఆయన అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. చలి తగలకుండా చూసుకోమని చెప్పి పొడి ఇచ్చాడు. అమ్మీ వచ్చి ఆ మాట చెప్పగానే అబ్బా ఇంకో రెండు దోసిళ్ళ ఉన్ని పరిచాడు.

సూరమ్మ పండగ పనుల్లో పడి మార్కెట్టుకి రావడం మానేసింది. గుడ్లమ్మే ఇంకొకామెతో కబురు పంపాం. ఈలోగా అమ్మీ ఒప్పందం ప్రకారం కత్తిపీట ముందేసుకుని కూచుని, చచ్చినవాటి కాళ్ళు కోసి, ఉప్పు రాసి, గాజు సీసాలో వేసేది. వేలెడంత లేని నారింజరంగు కాళ్ళు. సీసా నిండుతుంటే నేను అటు చూడలేక చదువుకుంటున్నట్టు పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని. అబ్బా మాత్రం చూసేవాడు. ప్రతి జత సీసాలో పడ్డప్పుడల్లా చేతిలో పని ఆపేవాడు.

కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజున సూరమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుని, మాకోసం డబ్బాలో కజ్జికాయలు తెచ్చింది. సీసా చూడగానే ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేత్తోనే పట్టుకుంది.

"ఎన్ని మిగిలాయండీ?"

"ఏడు," అంది అమ్మీ. "ఇవాళ పొద్దున్నే మేస్త్రి పోయింది. అదిగో, గుడ్డలో చుట్టి ఉంచాను, మీరు చూస్తారని."

"నాకు చూపించక్కర్లేదండి. మిమ్మల్నెవరు అనుమానిస్తారు?"

"లేదక్కా, చూడండి. ఏం తెగులో చెప్పండి. ఆ ఏడింటినన్నా కాపాడుకుంటాను. అవి గుడ్డు పెట్టినా చాలు. ఒక్కటి పెట్టినా చాలు."

సూరమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూచుంది. అమ్మీ, నేనూ చెరోపక్కా. వాకిట్లోంచి అబ్బా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సూరమ్మ చేతులు చకచకా కదిలాయి. పొట్ట చీరి కందనకాయ బయటికి తీసింది. చిన్న పిల్లకి ఉండాల్సినదానికి రెండింతలు ఉంది. దాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసి ముఖం చిట్లించింది. గాటు పెట్టింది. లోపల్నుంచి ఉండలా ఒకటి జారింది. ఆమె ఒక్క క్షణం దానికేసి చూసి, తల తిప్పి ముందుగదిలో మగ్గం చూసి, అరచెయ్యి మూసేసుకుంది.

"తెగులండి," అంది. "ఈ ఏడు మా ఊళ్ళోనూ ఉంది. ఎవరేం చేస్తారండీ."

ఆమె అబద్ధమాడుతోందని నాకు తెలిసిపోయింది. అమ్మీకీ తెలిసింది. అమ్మీ వెంటనే, "అవునా అక్కా, తెగులేనా, అయితే మన చేతుల్లో ఏముంది," అంటూ లేవబోయింది.

అబ్బా గుమ్మం దిగి వచ్చి సూరమ్మ ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"చూపించండి."

"ఏముంటుందండీ చూడ్డానికి, చీదర."

"వేళ్ళ సందున ఎర్రగా కనబడుతోందండి. తెగులుకి రంగుంటుందా, సూరమ్మగారూ?"

ఆమె చెయ్యి తెరిచింది.

అబ్బా ఆ ఉండని తీసుకుని నీళ్ళ చెంబులో ముంచి కడిగాడు. చిక్కుపడిన కండెను విప్పే ఓర్పుతో, కొస దొరకబుచ్చుకుని మెల్లగా విప్పాడు. ఒక్కొక్క పోగూ రాయి మీద పరిచాడు.

"ఇది నేలది," అన్నాడు ఎరుపు చూపించి. "ఇది అంచుది. ఈ నీలం మధ్య పువ్వులోది. పోయిన శుక్రవారం నేశాను."

ఆయన వేళ్ళు ఇంకా పోగుల్ని సరిచేస్తూనే ఉన్నాయి. కొంచెం సేపటికి దగ్గు మొదలైంది. ఈసారి అమ్మీ వీపు రాయడానికి కూడా కదల్లేదు.

సూరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊక పరవద్దన్నాను, నీళ్ళలో వెయ్యద్దన్నాను. ఉన్ని పరవద్దని చెప్పాలని నాకేం తెలుసండీ సాయిబుగారూ. మా లంకల్లో ఎవరింట్లో ఉంటుందండీ ఉన్ని? చలికి ఆగలేక మా బాతులు చచ్చాయి గానీ, ఇంత వెచ్చగా పడుకుని చావలేదండీ."

"మీ తప్పేం లేదండి."

"మీ తప్పూ లేదండి. బిడ్డల్లాగ చూసుకున్నారు. వచ్చే నెలలో మళ్ళీ పొదగేస్తాను. ఇంకో ముప్పై తెస్తాను. ఈసారి గోనె మీదే ఉంచుదురు గాని."

అమ్మీ ముఖంలో ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. "అవునండీ. ఈసారి ఈ గదిలో వద్దు. పెరట్లో గూడు కట్టుకుందాం. నేను కాపలా ఉంటాను," అంది.

అబ్బా పెరడంతా ఒకసారి కలియజూశాడు. నేనూ చూశాను. బట్టలు ఆరేసే తాడుకి ఉన్ని నూగు. గోడ నెర్రెల్లో నూగు. తౌడు తొట్టిలో, నీళ్ళ మీద, అమ్మీ తలవెంట్రుకల్లో. పిల్లలు ముక్కు పెట్టే ప్రతిచోటా ఏదో ఒక ఎర్రటి పోగు ఉంది. అదివరకు లేదని కాదు, మేమెప్పుడూ చూడలేదు.

"గుడ్డు పెట్టేదాకా నేను నెయ్యాలి," అన్నాడు అబ్బా. "నేను నేస్తున్నన్నాళ్ళూ ఇది పోదు. ఇది ఉన్నన్నాళ్ళూ అవి బతకవు. వద్దండి సూరమ్మగారూ."

అంతే. ఆయన గొంతు పెంచలేదు. ముడి ఎక్కడ పడిందో చెప్పినట్టు చెప్పాడు. అది ఎటునుంచి లాగినా విడేది కాదని మా ముగ్గురికీ అర్థమైంది.

మిగిలిన ఏడు పిల్లల్నీ అబ్బా తనే తట్టలో పెట్టించాడు. సగమే నావండీ, మీ పాలు మీరుంచుకోండి అని సూరమ్మ మొత్తుకుంది. ఇక్కడుంటే ఇవీ పోతాయి, అక్కడ రెండైనా బతుకుతాయి, తీసుకెళ్ళండి అన్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఆమె అమ్మీ చెయ్యి పట్టుకుని, "మీకోసం ప్రార్థన చేస్తానండి బూబమ్మగారూ," అంది. అమ్మీ ఆ చెయ్యి వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు.

ఆ రాత్రీ ఆ మర్నాడూ నేను ఒకటే అనుకున్నాను. ఆ ఎర్ర దారం. జానెడు పొడుగు లాగి, నవ్వి, చేతులు కడుక్కున్నాను. అప్పటికి ముప్పై పిల్లలూ బతికే ఉన్నాయి. ఆ రోజు నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే పక్క తీసేసేవాళ్ళం. అబ్బాకీ ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. పక్క వేసింది తను గనక, నన్ననే హక్కు లేదనుకున్నాడో ఏమో.

సోమవారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే అబ్బా పలక మీద నుంచి, వెనక్కి తిరక్కుండా పిలిచాడు.

"ఫర్హానా, దారిలో తాతారావుగారికి చెప్పమ్మా. ఎండాకాలం తివాచీ కూడా నేనే నేస్తానని. వేరే మనిషిని చూడొద్దని చెప్పు."

నేను గడపలోనే ఆగిపోయి అమ్మీ వైపు చూశాను. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. ఇప్పుడు చేట అవతల పారేసి లేస్తుందని చూశాను. మాటిచ్చారు కదండీ అని అరుస్తుందని, దిగండి అంటుందని, బాతులు కాకపోతే ఇంకోటి వెతుకుతానంటుందని చూశాను. ఆమె పంతం నాకు తెలుసు. ఆ పంతం మీదే నేను అన్ని నత్తలు ఏరాను.

అమ్మీ తలెత్తకుండానే అంది:

"ఉన్ని కాస్త ముందుగా పంపమని కూడా చెప్పవే. పోయినసారి నీలం తక్కువైతే ఈయనే తిరగాల్సొచ్చింది. అంత దూరం నడవలేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు మా అమ్మీని అసహ్యించుకున్నాను, దాచుకోవడమెందుకు. దారి పొడుగునా ఏడుస్తూ వెళ్ళాను. తాతారావుగారు కొట్టు ముందు నిలబడి టీ తాగుతున్నారు. చెప్పమన్నది ఒక్క ముక్క పోకుండా చెప్పాను, నీలం సంగతి కూడా. ఆయన సంతోషించి, "మంచిమాట చెప్పావమ్మా, అంత పనితనం ఉన్న మనిషి మళ్ళీ దొరుకుతాడా," అన్నారు.

అబ్బా ఆ తర్వాత మూడు తివాచీలు నేశాడు. నాలుగోది సగంలో ఆగిపోయింది. మిగతా సగం అమ్మీ, నేనూ ఆ పలక మీద పక్కపక్కన కూచుని నేశాం.